తలుపు కడుపులో నీళ్ళు

పిల్లలూ!

ఈ నెల ఒక చిక్కుప్రశ్నతో మొదలుపెడదాం. కుండకు చిల్లి పడితే పనికిరాదు. పడవకు చిల్లి పడితే మునుగుతుంది. కాని ఒక వస్తువుకు మాత్రం అడుగున చిల్లి ఉండితీరాలి. ఆ చిల్లి పూడిపోతేనే దానికి ముప్పు! ఆ వస్తువును మీరు రోజూ రోడ్డు మీద చూస్తూనే ఉంటారు. ఏమిటది?

జవాబు ఇప్పుడే చెప్పను. ఇట్లాంటి ప్రశ్న ఒకటున్నదని నాకే అరవై ఆరో యేట తెలిసింది, అదీ ఒక ముసలి కారు ధర్మమా అని. జీవితమంతా బడిపిల్లలకు "ఎందుకు?" అని అడగటం నేర్పాను. తీరా అడగవలసిన చోట నేనే అడగటం మరిచిపోయాను. ఆ సంగతే ఇవాళ మీకు చెబుతాను.

మా బాబాయికి ఎనభై నాలుగేళ్ళు. ఆయన చాలాకాలం తెనాలిలో టాక్సీ నడిపాడు. ఆయన బండి 1978 నాటి అంబాసిడరు. రాత్రివేళ పురిటినొప్పులు పడేవాళ్ళను గుంటూరు ఆస్పత్రికి చేర్చినా, పెళ్ళికొడుకులను ఊరేగించినా ఆ బండే.

అంబాసిడరు కారును మీలో కొందరు చూసే ఉంటారు. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి ముందుభాగం. పూర్వం ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు ఉండేది. దానిలో మూడో రకాన్ని ఆధారం చేసుకుని, కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు అంబాసిడరును తయారుచేశారు. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014లో ఆగిపోయింది. అందుచేత ఇప్పుడు ఆ కారుకు ఏదైనా భాగం చెడితే వెతికి తెచ్చుకోవాలి, లేదా మనమే చేసుకోవాలి.

కిందటి వేసవిలో బాబాయి కొడుకు, అంటే నాకు తమ్ముడు, నాతో ఇట్లా అన్నాడు:

"అన్నయ్యా, ఆ కారులో కూచుంటే తడిసిన గోనెసంచి వాసన. తలుపుల లోపలి అట్టలు ఉబ్బి ఊడి వస్తున్నాయి. మా పిల్లలు ఎక్కనే ఎక్కరు. పాత ఇనుము కింద ఇచ్చేద్దామనుకుంటున్నాను."

బాబాయి పక్కనే ఉన్నాడు గాని ఒక్కమాటా అనలేదు. ఆయనకు ఈమధ్య చూపు బాగా తగ్గింది. కారు నడపటం మానేసి చాలా ఏళ్ళయింది. అయినా రోజూ పొద్దున్నే తడుముకుంటూ వెళ్ళి, తలుపు తీసుకుని, ఆ సీటులో కాసేపు కూచుని వస్తాడు.

నాకు మనసాగలేదు. "ఈ సెలవులు నాకివ్వరా తమ్ముడూ! బళ్ళు తెరిచేలోగా నేను బాగుచేయలేకపోతే నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి," అన్నాను.

మర్నాడే పని మొదలుపెట్టాం. నాకు సాయం ఇద్దరు. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు, అయిదో తరగతి చదివే మనవడు.

ఇప్పుడు కారు తలుపు ఎట్లా ఉంటుందో చెబుతాను. బయట ఒక ఇనుపరేకు, లోపల ఒక ఇనుపరేకు. రెంటి మధ్యా బోలు. మీరు అద్దం దించితే అది దిగేది ఆ బోలులోకే. అద్దాన్ని ఎత్తే పరికరమూ, తాళమూ కూడా అక్కడే ఉంటాయి. వాటిని బిగించటానికీ, చెడితే బాగుచేయటానికీ చెయ్యి పట్టాలి గనక లోపలి రేకుకు పెద్ద పెద్ద కంతలు పెడతారు. ఆ కంతలు మనకు కనబడకుండా, చెయ్యి గీసుకుపోకుండా వాటి మీద ఒక అట్ట బిగిస్తారు. ఆ అట్టకు రెక్సిను తొడుగుతారు. దీనినే మెకానిక్కులు డోరు ప్యాడు అంటారు.

ఆ అట్ట మీకు కొత్తదేమీ కాదు. పరీక్షలకు మీరు తీసుకుపోయే ప్యాడు ఉన్నది చూశారూ, ముదురు గోధుమరంగు అట్టకు పైన క్లిప్పు బిగించినది? చాలావరకు అది హార్డుబోర్డే. కారు తలుపులోనిదీ అదే జాతి. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1924లో అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ అనే పట్నంలో విలియం మేసన్ అనే ఆయన ఉండేవాడు. కోతమిల్లుల్లో వృథాగా పోయే చెక్కపేళ్ళను ఏదైనా పనికి తేవాలని ఆయన పట్టుదల. పేళ్ళను గట్టి పాత్రలో పెట్టి, బాగా ఒత్తిడిగల ఆవిరి పట్టించి, ఒక్కసారిగా వదిలేశాడు. పేళ్ళు పేలాల్లాగా పేలి పీచుపీచైపోయాయి. ఆ పీచును వేడి మీద నొక్కితే గట్టి పలక తయారయింది. జిగురు కూడా కలపనక్కరలేకపోయింది. చెట్టులోనే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చెట్టు పీచును పట్టి ఉంచేది అదే. పలకలోనూ అదే పీచును అంటించి పెట్టింది.

మీ ప్యాడు వెనకవైపు చూడండి. ఒకవైపు నునుపుగా ఉండి, రెండోవైపు వల గుర్తులుంటే అది ఇట్లా చేసినదే. తడిపీచును ఇనుపవల మీద పరిచి నొక్కుతారు, నీళ్ళూ ఆవిరీ అందులోంచి పోతాయని. ఆ వల గుర్తులే అవి.

ఇంత గట్టి పలకకూ ఒక శత్రువు ఉన్నది. అది నీరు. పలక అంచుల్లోంచి నీరు పీల్చుకుంటే పీచు ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బినది తరవాత ఎండబెట్టినా పూర్వపు మందానికి రాదు.

సరే, ముందు డ్రైవరు తలుపు ప్యాడు విప్పబోయాం. అద్దం తిప్పే పిడికి ఎక్కడా స్క్రూ కనబడలేదు. నేను గట్టిగా లాగబోతూంటే మనవరాలు, "తాతయ్యా, లాగకండి! ఈ బిళ్ళ లోపలికి పోతున్నది," అన్నది. నిజమే. పిడి వెనక ఉన్న గుండ్రటి బిళ్ళ కింద స్ప్రింగు ఉన్నది. బిళ్ళను నొక్కిపడితే పిడికి అడ్డంగా గుచ్చిన చిన్న సీల కనబడింది. సన్నటి మేకుతో నెడితే సీల బయటికి వచ్చింది. పిడి దానంతట అదే చేతిలోకి వచ్చింది.

ప్యాడు అంచుల వెంట లోపల స్ప్రింగు క్లిప్పులుంటాయి. అట్ట మధ్యలో పట్టుకుని లాగితే అట్ట విరుగుతుంది గాని క్లిప్పు రాదు. వెడల్పాటి చదునైన చెక్కపలుగును క్లిప్పు పక్కకే పోనిచ్చి, ఒక్కొక్కటే వదులుచేశాం. ఊడిన స్క్రూలనూ క్లిప్పులనూ మనవడు గుడ్లు పెట్టే అట్టలో, ఏ గుంటలో ఏది ఉన్నదో కాగితం మీద బొమ్మ వేసి మరీ దాచాడు. ఈ పద్ధతి మీరు సైకిలు విప్పినా, గడియారం విప్పినా పనికివస్తుంది.

పాత అట్టను కొత్త హార్డుబోర్డు మీద పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసి కోసుకోవాలి. కాని డ్రైవరు తలుపు అట్ట కింది అంచు నానిన అప్పడంలా పొడిపొడిగా రాలిపోయింది. ఇక ఆకారం ఎట్లా తెలియాలి? ఎడమ తలుపు ప్యాడు కూడా విప్పి చూస్తే, అది కింద కాస్త మురిగినా ఆకారం చెడకుండా ఉన్నది.

"దీని మీద పెట్టి గీసేద్దాం!" అన్నాడు మనవడు.

"అట్లా గీస్తే ఇంకో ఎడమ తలుపు వస్తుందిరా," అన్నది వాళ్ళక్క. "కావాలంటే నీ ఎడమ చెప్పు నేల మీద పెట్టి గీసి, ఆ గీతలో కుడికాలు పెట్టి చూడు!"

వాడు నిజంగానే చెప్పు విడిచి గీసి చూశాడు. కుడికాలు ఆ గీతలో ఇమడలేదు. చెప్పును బోర్లించి గీశాడు. ఇమిడింది! ఎడమ తలుపూ కుడి తలుపూ, అద్దంలో మనిషీ వాడి నీడా లాంటివి. ఎడమ అట్టను బోర్లించి గీస్తే కుడి అట్ట తయారవుతుంది. మీ జామెట్రీ పుస్తకంలో పరావర్తనం అనే పాఠం ఉన్నదే, అది ఇదే.

తరవాత రెక్సిను. రెక్సిను అనేది మొదట ఇంగ్లండులో ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. గుడ్డ మీద సెల్యులోజు పూత పూసి, తోలులా కనబడేటట్టు చేసేవారు. ఈనాడు మనం రెక్సిను అని కొనేదానిలో ఎక్కువగా ఉండేది గుడ్డ మీద పి.వి.సి. పూత. పి.వి.సి. సహజంగా గట్టిది. 1926లో వాల్డో సీమన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు దానికి నూనెలాంటి పదార్థాలు కలిపితే మెత్తగా సాగుతుందని కనిపెట్టాడు. ఎండలో ఏళ్ళ తరబడి ఉంటే ఆ మెత్తదనాన్నిచ్చే పదార్థం కొద్దికొద్దిగా బయటికి పోతుంది. అప్పుడు రెక్సిను పెళుసై పగులుతుంది. కొత్త కార్ల అద్దాలకు లోపలివైపు ఒక జిడ్డుపొర పడుతుంది చూడండి, అందులో ఈ పదార్థానికి కూడా పాలున్నది.

రెక్సినును అట్టకు అంటించటానికి రబ్బరు జిగురు వాడాం. సైకిలు షాపులో పంక్చరు వేయటం చూశారా? ట్యూబుకూ పూస్తాడు, ప్యాచీకీ పూస్తాడు. పూసి వెంటనే అంటించడు. ఊదుతూ కాసేపు ఆగుతాడు. ఎందుకు? జిగురును పల్చన చేసే ద్రవం ఆవిరై పోవాలి. వేలితో తాకితే అంటుకోకుండా ఉన్నప్పుడు రెండు పూతలనూ కలిపి నొక్కితే, అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. మేమూ అట్లాగే చేశాం. మూలల దగ్గర రెక్సిను ముడతలు పడకుండా చిన్న చిన్న గాట్లు పెట్టి, వెనక్కు మడిచి అంటించాం. ఒక్క హెచ్చరిక: ఈ జిగురు ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అందుచేత ఈ పని ఆరుబయట, పెద్దవాళ్ళే చేయాలి. మా పిల్లలు దూరంగా కూచుని చూశారు.

సాయంత్రానికి డ్రైవరు తలుపు ప్యాడు కొత్త పెళ్ళికొడుకులా తయారయింది. బాబాయికి చూపించాలని మా ఉత్సాహం! కారంతా నీళ్ళు పోసి శుభ్రంగా కడిగాం.

మర్నాడు పొద్దున బాబాయి వచ్చాడు. ప్యాడు మీద చెయ్యి వేసి నెమ్మదిగా నిమిరాడు. అంచు వెంట వేళ్ళు పోనిచ్చాడు. "బాగా కుదిరిందిరా," అన్నాడు. తరవాత తలుపు మూశాడు. మళ్ళీ తీసి, మళ్ళీ మూశాడు. చెవి ఒగ్గి విన్నాడు.

"ఒరే అబ్బాయ్! తలుపు కడుపులో నీళ్ళున్నాయి," అన్నాడు.

నేనూ తలుపు ఆడించి విన్నాను. గలగల! చూపున్న మా ముగ్గురికీ కనబడనిది, చూపు తగ్గిన ఆయనకు వినబడింది. ప్యాడు విప్పి చూస్తే, నిన్న బిగించిన కొత్త అట్టకు కింద నాలుగు వేళ్ళ మేర తడి ఎక్కి ఉన్నది. అప్పుడే అంచు ఉబ్బటం మొదలుపెట్టింది.

మనవడు అడిగాడు: "తాతయ్యా, పాత అట్ట కూడా ఈ నీళ్ళకే పాడయిందా? అసలు తలుపులోకి నీళ్ళు ఎట్లా వెళ్ళాయి?"

పిల్లలూ, నా మొహం చిన్నబోయింది. అట్ట కుళ్ళిందని చూశాను, కొత్తది వేశాను. ఎందుకు కుళ్ళిందని అడగలేదు. జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా ఒళ్ళు తుడిచి కొత్త చొక్కా తొడిగినట్టున్నది నా పని!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు వినండి. ఆ వస్తువు కారు తలుపు. అద్దానికి పక్కన రబ్బరు పట్టీ ఉన్నా, వాననీరు కొంత అద్దం వెంట జారి తలుపు బోలులోకి పోనే పోతుంది. కారు తయారుచేసినవాళ్ళకు ఆ సంగతి తెలుసు. అందుకే తలుపు అడుగున చిన్న చిన్న బెజ్జాలు పెడతారు. పైనుంచి వచ్చిన నీరు కిందినుంచి పోతుంది. అంతేకాదు. ప్యాడుకూ లోపలి రేకుకూ మధ్య నీరు అంటని కాగితమో, ప్లాస్టిక్కు పొరో అంటిస్తారు. చిందిన చుక్కలు అట్టకు తగలకుండా అది అడ్డుపడుతుంది.

మా కారులో రెండూ పోయాయి. ఎప్పుడో తాళం బాగుచేసినప్పుడు ఎవరో ఆ పొరను చించి మళ్ళీ అంటించలేదు. బెజ్జాలేమో పూడిపోయాయి. పుల్లతో మెల్లగా కదిపితే ఎర్రమన్ను, వేపాకు ఈనెలు, వాటితోపాటు ఒక పది పైసల బిళ్ళ బయటపడ్డాయి! బిళ్ళను బాబాయి చేతిలో పెడితే, వేలితో తడిమి అంచుల వంపులు చూసి, "చిల్లర కోసం ఎంత పోట్లాడుకునేవాళ్ళమో!" అని నవ్వాడు.

ఈసారి తొందరపడలేదు. తలుపు అడుగున పట్టిన తుప్పును గీకి, తుడిచి, రెడ్ ఆక్సైడు పూశాం. రెండు రోజులు ఆరనిచ్చాం. మనవడు అద్దం పక్కనుంచి ఒక చెంబెడు నీళ్ళు పోశాడు, మనవరాలు కింద పడుకుని చూసింది. "వస్తున్నాయి, తాతయ్యా!" అని కేకపెట్టింది. బెజ్జాలన్నిటి నుంచీ నీళ్ళు ధారకట్టాయి. ఆ తరవాత మందపాటి ప్లాస్టిక్కు పొర అంటించాం. దాని కింది అంచును రేకు కంతలోంచి తలుపు లోపలికి పోనిచ్చాం. అప్పుడు పొర మీద జారిన చుక్క బోలులోకే పడుతుంది గాని అట్ట మీద పడదు. అట్టల అంచులకు ఆయిలు పెయింటు రెండుసార్లు పూశాం, నీరు పీల్చకుండా. నాలుగు తలుపులూ ఇట్లా చేసేసరికి మూడు వారాలు పట్టింది.

మొదట చేసిన అట్టను పారేయలేదు. ఎండబెట్టి, అంచుకు పెయింటు వేసి అదే బిగించాను. దాని అడుగున ఇప్పటికీ చిన్న ఉబ్బు ఉన్నది. మీ లెక్కల పుస్తకంలో మాస్టారు ఎర్రసిరాతో పెట్టిన గుర్తులాంటిది అది, నా తప్పుకు.

ఇంకొక మాట. డ్రైవరు తలుపుకు మోచెయ్యి ఆనించుకునే దిండు ఉంటుంది. బాబాయి మోచెయ్యి ఆనీ ఆనీ దాని మీది రెక్సిను నున్నబడి, మధ్యలో పల్లం పడింది. కాని ఎక్కడా చిరగలేదు. "దీనికీ కొత్తది వేద్దాం తాతయ్యా," అన్నాడు మనవడు. "అది చెడిందా?" అని అడిగాను. వాడు నొక్కి చూసి, ఆలోచించి, "లేదు, అరిగింది," అన్నాడు. చెడనిదాన్ని మార్చటం బాగుచేయటం కాదు గదా. సబ్బునీళ్ళతో తుడిచి దాన్ని అట్లాగే ఉంచాం. బాబాయి సీటులో కూచోగానే ఆయన మోచెయ్యి వెతుక్కోకుండా ఆ పల్లంలోకి వెళ్ళింది.

జూన్‌లో బళ్ళు తెరిచే ముందు గట్టి వాన కురిసింది. వాన వెలిసిన తరవాత తమ్ముడు వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా నాలుగు తలుపులూ తీసి మూసి చెవి ఒగ్గి విన్నాడు. లోపల కూచుని వాసన చూశాడు. తరవాత తానే చెంబుతో నీళ్ళు తెచ్చి అద్దం పక్కనుంచి పోసి, వంగి కిందికి చూశాడు. నీళ్ళు కారిపోయాయి.

"ఈ బెజ్జాలు ఎన్నాళ్ళకొకసారి శుభ్రం చేయాలన్నయ్యా?" అని అడిగాడు.

"ఏటా వానాకాలానికి ముందు," అన్నాను. పాత ఇనుము మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ నెల మీరు చేయవలసిన పని: పనికిరాని పరీక్ష ప్యాడు ముక్కలు రెండు తీసుకోండి. ఒకదాని అంచులకు పెద్దవాళ్ళ చేత ఆయిలు పెయింటు వేయించి ఆరనివ్వండి. రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఉంచండి. రెంటి మందమూ స్కేలుతో కొలిచి రాసుకోండి. రెంటినీ ఒక గిన్నెలో అంగుళం లోతు నీళ్ళలో రాత్రంతా నిలబెట్టండి. పొద్దున మళ్ళీ కొలవండి. నాలుగు రోజులు ఎండబెట్టి ఇంకోసారి కొలవండి. ఏది ఎంత ఉబ్బింది? ఏది మళ్ళీ తగ్గింది? ఎందుకు?

పెద్దలకు ఒక మనవి. ఇంట్లో ఏదైనా విప్పి బాగుచేస్తున్నప్పుడు పిల్లలను పక్కన కూచోబెట్టుకోండి. సామాను అందించటానికి మాత్రమే కాదు. మనం అడగటం మరిచిపోయిన ప్రశ్న వాళ్ళు అడుగుతారు.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.